సెల్లులకు బువ్వ పెట్టిన చెయ్యి

మొన్న స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. జనగామ దవాఖానలో చిన్నవయసు డాక్టరమ్మ తెల్లటి పొడిలాంటిది చూపించి, విరిగినచోట దీన్ని నింపితే దీనిమీద మీ ఎముక కణాలే పెరుగుతాయి పెద్దమ్మా అని ముద్దుముద్దుగా పాఠం చెబుతుంటే, నాకు నవ్వు రావలసింది పోయి ఏడుపొచ్చింది. నొప్పికి ఏడుస్తున్నాననుకుని ఆ పిల్ల ఇంకో సూది పొడిచింది.

నా తోటివాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో పొద్దున లేస్తే బందు, మాపటికి లాఠీలు. నాది జఫర్‌గఢ్. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఈ వయసులో చదువేందని ఊరంతా మూతి తిప్పుతున్నా వినక యూనివర్సిటీలో పరిశోధనకు చేరిన మొండిదాన్ని. అక్కడ నాకు దొరికిన చెల్లె బయ్యారం దగ్గరి తండా పిల్ల. ఇంట్లో వాళ్ల భాష, నాతో మన భాష, గైడు ముందు ఇంగ్లిషు. కోపమొస్తే మూడూ కలిపేది. భూపాలపల్లి బొగ్గుబాయిలో వాళ్ల అన్నకు కాలు విరిగి, ఎంతకూ అతకక, చివరికి తీసేశారు. ఆ పంతంతోనే, ఎముకలో ఉండే పదార్థంతో తెల్లటి బిళ్లలు చేసి, పొయ్యిలో కాల్చి, వాటిమీద ఎముక కణాలను పెంచేది. పుస్తకాల్లో కణాలేగానీ మా నోట సెల్లులే. ఒంటి వెచ్చదనం ఉండే పెట్టెలో వాటిని దాచి, వేళ తప్పకుండా పోషక ద్రవం మార్చాలి. దాన్ని మేం సెల్లులకు బువ్వ పెట్టుడు అనేవాళ్లం. ఎన్నోసార్లు చచ్చి చచ్చి, ఆ ఏడు మొదటిసారి బిళ్ల నిండా పాకాయి. ఇంకొన్నాళ్లు బతికితే ఆమె పరిశోధన గట్టెక్కినట్టే.

అప్పుడే ఓ రోజు మేమున్న ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడ్డారు. బాష్పవాయువుకు కళ్లు కనబడలేదు; నా పక్కనున్న విద్యార్థి తల పగిలి నెత్తురు నా చీర మీద చిమ్మింది. అందరూ గోడలు దూకి పారిపోతుంటే చెల్లె మాత్రం, "అక్కా, ఇయ్యాల సెల్లులకు బువ్వ పెట్టలే" అని ల్యాబువైపు ఉరికింది. దాని వెనక నేను. గడియ పెట్టుకున్నామో లేదో, బూట్లతో తలుపు తన్నారు. చెల్లె పెట్టెకు అడ్డం నిలబడి బతిమాలింది.

"లోపలికి రాకుర్రి సార్, సెల్లులున్నయి, చచ్చిపోతయి!"

అంతే, కొంప మునిగింది. విద్యార్థులు సెల్‌ఫోన్లు చేసి రాళ్లు రువ్వేవాళ్లను పిలిపిస్తున్నారని పోలీసులకు అప్పటికే అనుమానం. "ఎన్ని సెల్లులున్నయే? ఎవరెవరికి చేసినవ్?" అంటూ తలుపు బద్దలు కొట్టుకుని వచ్చారు. అయ్యో, అవి ఫోన్లు కావయ్యా, ఎముక సెల్లులని నేను గొంతు చించుకుంటే ఎవడు వింటాడు!

పెట్టె మీదికి లాఠీ లేచింది. చెల్లె కుడిచెయ్యి అడ్డం పెట్టింది. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. రెండో దెబ్బకు పెట్టె అద్దం పగిలి, లోపలి గిన్నెలు నేలమీద పడి బూట్ల కింద నలిగాయి. ఫోన్లు దొరకలేదన్న కసితో నన్నూ బాదారు, వాళ్ల చేతులు పడిపోను! చెల్లె విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఇంకో చేత్తో బిళ్లల ముక్కలు ఏరుతూ కూర్చుంది. అది ఏడవలేదు, నేనే గుండెలు బాదుకున్నాను.

చెల్లె ముంజెయ్యి వంకరగా అతుక్కుంది. రాష్ట్రం వచ్చిననాడు నా మొహానికి ఎడమచేత్తో గులాల్ పూసి, "మన రాజ్యం మనకొచ్చింది గదక్కా, సెల్లులదేముంది, మల్ల పెంచుకుందం" అంది. పెంచలేదు. చుక్క చుక్కగా ద్రవం వదిలే సన్నని గొట్టాన్ని ఆ వేళ్లు పట్టలేకపోయాయి. ఇప్పుడు మహబూబాబాద్‌లో బడిపిల్లలకు సైన్సు చెబుతోంది.

కరెంటు కోతలు పోయాయి, కొత్త పరికరాలు వచ్చాయి, మన యాసను చూసి నవ్వేవాళ్లూ తగ్గారు. అన్నీ మేం కొట్లాడి అడిగినవే, కాదనను. కానీ ఏటేటా అమరుల స్తూపం దగ్గర మేమిద్దరం దండం పెట్టుకునేటప్పుడు, ఆమె కుడి అరచెయ్యి తిరగదు, ఎడమదానితో కలవదు. నేను చూడనట్టు తల తిప్పుకుంటాను.