పరదా కట్టించిన అత్త

మా ఇంటి వెనకత్త చనిపోయిందని నేను ఫోన్ చేసి చెబితే మొదట ఒక్కరూ నమ్మలేదు. "గిసోంటి మాట మీద గూడ నవ్వులాటనా? నీ నోరు పడిపోను!" అని మా గుంపులో ఒకామె ఫోన్ పెట్టేసింది. ఇంకొకామె, "అత్తకియ్యి ఫోను, నేనే మాట్లాడ్త" అంది. ఎవరికివ్వను? రాత్రి బాగానే తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఆ తర్వాతి ఫోన్‌లో నాకు ఏడుపు వచ్చింది. అప్పుడు నమ్మారు.

అత్త నాకు రక్తసంబంధం కాదు. మా ఇంటి వెనక ఇల్లు ఆమెది, పిలుపు వరుస అంతే. ఇచ్చోడ చుట్టుపక్కల చేలల్లో పత్తి ఏరడానికి పోయే మా ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. ఏ ఆసామి చేనుకు పోవాలో, ఆటో ఎప్పుడు రావాలో అన్నీ ఆమే చూసేది. నేను ఏడో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. చదువు అబ్బలేదు గానీ ఆకతాయితనంలో మాత్రం ఫస్టు క్లాసు. అన్నం తినేటప్పుడు పక్కపక్కన కూర్చున్నవాళ్ల కొంగులు ముడివేయడం, ఆటో డ్రైవర్ టిఫిన్ డబ్బాలో రబ్బరు బల్లి పెట్టడం నా పనులు. ఒకసారి అత్త కొంగునే పత్తి చెట్టుకు కట్టాను. ఆమె లేచింది, చూసింది. చెట్టును వేరుతో సహా పెరికి, కొంగుకు అలాగే వేలాడేసుకుని ఆటో దాకా నడిచింది. డ్రైవర్‌తో, "గీమె గూడ మనతోటే వస్తదట. జర సీటియ్యి కొడుకా" అంది. ఆ దెబ్బతో నాకు గురువు దొరికింది.

అయితే నా అల్లరి వట్టి అల్లరి. ఆమె అల్లరికి ఒక పని ఉండేది. ఆటోలో పోతుంటే ఒంటికి వచ్చినా మాలో ఎవరూ నోరు విప్పరు. డ్రైవర్ మగవాడు కదా, ఆపమని ఎలా చెబుతాం? అత్త మా మొహాలు చూస్తూ ఉండేది. ఎవరైనా కాళ్లు ముడుచుకుని మెలికలు తిరిగితే చాలు, తన చెప్పొకటి రోడ్డు మీదికి జారవిడిచి, "ఆపు ఆపు, నా చెప్పు పడ్డది!" అని గోల చేసేది. అతను చెప్పు కోసం వెనక్కి నడిచిపోయేసరికి మేము తుమ్మచెట్ల చాటుకు పోయి వచ్చేవాళ్లం. "నీ చెప్పుకు తాడు గట్టుకో అత్తా" అని అతను గొణిగేవాడు. "తాడు గడ్తె నువ్వు నడుస్తవా? పొట్ట జూడు ఎట్ల పెరిగిందో" అనేది ఆమె.

చేనులో మాత్రం ఈ ఉపాయం పారదు. పత్తి నడుము ఎత్తే ఉంటుంది, ఒక గట్టున ట్రాక్టర్ వాళ్లు, ఇంకో గట్టున ఆసామి. అందుకని మేము పొద్దటి నుంచి నీళ్లే ముట్టేవాళ్లం కాదు. మరీ దప్పికైతే నోరు తడుపుకోవడం, అంతే. అది మాకు పెద్ద తెలివిలాగే అనిపించేది.

ఒక ఏడు దీపావళి వెళ్లాక నాకు మంట మొదలైంది. పోయి వచ్చీ రాకముందే మళ్లీ పోవాలనిపించేది, పోతే నాలుగు చుక్కలు. పొత్తికడుపులో నొప్పి. ఎప్పుడూ లేని పాడు వాసన. మా దగ్గర దీనికి ఒకటే పేరు: వేడి చేసింది. సబ్జాగింజలు నానబెట్టి తాగాను. చలువ చేస్తుందని మా ఆయన ఈతకల్లు తెచ్చాడు. దాంతో మంట తగ్గలేదు గానీ పాట వచ్చింది. ఊళ్లో ఎవరి రోగం మీదైనా జోకు వేసే నేను, నా రోగం ఎక్కడుందో మా ఆయనకు కూడా చెప్పలేకపోయాను.

ఆ వారం చేనులో నేను వరుసలో వెనకబడి ఏరుతున్నాను. అత్త వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమైందే నీకు? పొద్దుగాల్ల సంది ఒక్కల్ని గూడ తిట్టలే."

"ఏం లేదత్తా. జర వేడి జేసింది."

"వేడి జేస్తె నోరు బందైతదా? యాడ వేడి?"

నేను చేతిలో ఉన్న పత్తికాయ వైపు చూశాను. ఆమె నా మెడ మీద చెయ్యి వేసింది. ఒళ్లు కాలిపోతోంది, కానీ ఎండలో నిలబడి వణుకుతున్నాను. వీపు మీద పక్కటెముకల కింద చెయ్యి ఆనించగానే కేక పెట్టాను.

"ఒంటికి పోతె మంటనా?" అని చెవిలో అడిగింది. తల ఊపాను.

"ఊరి మీదంత పడ్తదే నీ నోరు, నీ ఒంటి కాడికి వచ్చేసరికి మూగవడ్డదా?" అంది. ఆ వెంటనే గొంతు తగ్గింది. "మా చెల్లె గూడ గిట్లనే వేడి అన్నది. చలిజరం వచ్చినంక గూడ వేడే అన్నది. నేను గూడ అవునన్న. కడుపుల దాస్తె బిడ్డొక్కటే గాదు, రోగం గూడ పెరుగుతది పోరీ. నడువు."

ఆమెకొక చెల్లెలు ఉండేదని నాకు ఆ రోజే తెలిసింది.

దవాఖానలో డాక్టరమ్మ ఏమైందని అడిగితే, "నడుము నొప్పి" అన్నాను. అత్త ఊరుకుందా? "నడుమొక్కటే గాదు మేడం, ఉచ్చ పోస్తె మంట దీనికి! చలిజరం గూడ ఉన్నది!" తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న మగవాళ్లందరూ ఒక్కసారిగా గోడ మీది క్యాలెండర్ చదవడం మొదలుపెట్టారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

చిన్న డబ్బాలో మూత్రం పట్టి పరీక్షకు ఇచ్చాను. డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. మంట, మాటిమాటికీ పోవాలనిపించడం కనబడినప్పుడే వచ్చి ఉంటే మామూలు మందులతో పోయేదట. చలిజ్వరం, నడుము పక్క నొప్పి, వాంతులు వచ్చాయంటే కిడ్నీల దాకా పాకి ఉండవచ్చట, అప్పుడిక ఒక్క పూట కూడా ఆగకూడదట. చేర్చుకుని సూదిమందులు, సెలైన్లు పెట్టారు. నీళ్లు బాగా తాగాలి, ఆపుకోకూడదు అని చెప్పారు. మంచం పక్కన అత్త నా కాళ్లు ఒత్తుతూ కూర్చుంది. నిద్రపోయానని అనుకుని, "పోకే, పోరీ, నువ్వు గూడ పోకే" అని గొణుక్కోవడం నేను విన్నాను.

ఇంటికొచ్చాక ఒళ్లు తేలికపడింది, మిగిలిన మాత్రలు మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయని దాచబోయాను. అత్త పట్టేసింది. "డాక్టరమ్మ ఇచ్చినయన్ని ఒడిసేదాక నువ్వు నా బర్రెవు. కట్టేసి తాపిస్త" అంది. సాయంత్రం వచ్చి నాలుక ఎత్తి చూపించమనేది. ఒకరోజు నాలుక కింద పిప్పరమెంటు పెట్టుకుని చూపించాను. నా చెవి ఇంకా ఎర్రగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

నేను మళ్లీ గుంపులో కలిసిన రోజు ఆమె మమ్మల్ని చేనులోకి దిగనివ్వలేదు. ఆసామితో, "పరదా గడ్తెనే దిగుతం పటేలా" అంది.

"పరదానా? ఏం, పెండ్లా?"

"పెండ్లే అనుకో. నాలుగు గుంజలు, సుట్టూ పరదా, రెండు బిందెల నీళ్లు. మీ ఇంట్ల ఆడోళ్లకు బాత్రూం ఉన్నది గద."

"ఇంకో గుంపును తెచ్చుకుంట పో!"

"తెచ్చుకో. వాళ్లతోని గూడ మాట్లాడే వచ్చిన."

పత్తి పగిలి ఉంది, పైన మబ్బు కమ్ముతోంది. మాకూ భయంగానే ఉంది, ఆ రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇళ్లే మావన్నీ. అత్త మాత్రం గట్టు మీద కూర్చుని పేలు చూసుకుంటున్నంత తీరికగా ఉంది. కాసేపటికి ఆసామి గుంజలు తెచ్చి తనే పాతాడు. పాతేటప్పుడు ఆయన తిట్టిన తిట్లు నాకు కూడా కొత్తవే. తర్వాత మా చుట్టుపక్కల పరదా లేని చేనుకు ఏ గుంపూ పోలేదు.

చేనులో ఆమెను చివరిసారి చూసింది ఈ కార్తీకంలో. మిట్టమధ్యాహ్నం. అత్త బిందెలో చెంబు ముంచి, తల వెనక్కి వాల్చి, పైనుంచి ధారగా నోట్లో పోసుకుంటోంది. "పత్తి ఏరుతరా, నీళ్లే తాగుతరా?" అని ఆసామి గట్టు మీద నుంచి అరిచాడు. ఆమె జవాబు చెప్పడానికి తాగడం ఆపలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తి, ఆగమని చూపించింది. మేమంతా ఏరడం ఆపి చూస్తున్నాం. నీళ్లు గడ్డం మీంచి మెడ మీదికి, రవిక మీదికి కారిపోతున్నాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి కిందికి దించలేదు.