తలుపు బయటికి తెరుసుకోవాల

తలుపు బీబీ అని పిలిచేటోళ్లు పిలుచుకోనీండి. మా షాహీదాబీకి ఆ పేరు పెట్టింది ప్రొద్దుటూరులో ఇండ్లు కట్టే బేల్దార్లు. ఎగతాళికి పెట్టినారు. ఆయమ్మ ముందర అనే ధైర్యం లేదు గానీ, అట్ల పక్కకు పోతానే ఒకరి మొగం ఒకరు చూసుకోని నవ్వుతారు. ఆయమ్మ పోయినా నేను ఆడనే ఉంటా గదా, నాకు వినపడతాది. ఒకసారి సిమెంటు మాలు బొచ్చె ఒకని కాళ్ల మింద కుమ్మరించినా. వాడు మళ్ల నా దగ్గర ఆ మాట ఎత్తలేదు.

నా పేరు దీవెనమ్మ. షాహీదాది, నాది ఒకే వీధి. ఆయమ్మ టైల్సు పరుస్తాది, నేను ఇసకా సిమెంటూ కలిపి మాలు అందిస్తా. ఆడది తాపీ పట్టేదేంది అని అడిగేటోళ్లకు మా ఇద్దరి దగ్గరా ఒక జవాబు ఉండాది. అది నలుగురిలో చెప్పేది కాదులే.

ముందు ఆయమ్మ గూడా నా మాదిరి గంపలు మోసే కూలే. మా ఆడోళ్లకు ప్లాను కాగితం చూపించే అలవాటు బేల్దారి పనిలో యాడా లేదు. మా మేస్త్రి కలీం దాన్ని మడత మింద మడత పెట్టి అంగీ జేబులో దోపుకుంటాడు. చెమటకు తడిసి గీతలన్నీ అలుక్కపోయినా సరే, బయటికి తీయడు. యాడ గోడ లేపాల, యాడ తూము పెట్టాల, అంతా వాడు నోటితో చెప్తేనే మాకు తెలియాల. కాగితం అందరూ చూస్తే ఇంగ మేస్త్రి ఎందుకని వాని భయం. మేమూ అడగలేదులే. ఎత్తమన్న గంప ఎత్తుతాంటిమి, పొద్దు గుంకితే ఇంటికి పోతాంటిమి.

షాహీదా ఆ కాగితం ఎందుకు అడిగిందో చెప్తా.

షాహీదా మొగుడు హఫీజ్ కువైట్‌లో ఉండాడు. ఈడ ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. అత్తను అమ్మీ అని పిలిచేది. పొద్దున లేస్తానే ఇద్దరికీ పోట్లాట, సందకాడ ఇద్దరూ ఒకే తట్టలో తినేది. వాళ్లది కాలనీ ఇల్లు. కలీం మేస్త్రిగా కట్టినాడు, ఇటుకలు మోసింది నేనూ షాహీదానే. ఆ ఇంట్లో ఒకనాడు తెల్లారి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునేదానికి అమ్మీ బాత్రూములోకి పోయింది. జారి పడింది. షాహీదా కేక ఇని నేను పొయ్యి మింద పాలు అట్లనే ఇడిసిపెట్టి పరిగెత్తినా.

ఆ బాత్రూము అగ్గిపెట్టె అంత. తలుపేమో లోపలికి తెరుసుకుంటాది. అమ్మీ పడింది సరిగ్గా తలుపు ఎనకాల. గడి గూడా పెట్టుకోలేదు, ఊరికే మూసుకుంది. అయినా ఏం లాభం, తలుపు తోస్తే ఆయమ్మ ఒళ్లే అడ్డం. కొంచెం తోస్తే లోపల మూలిగింది. "తోయొద్దు, నలిగిపోతాది" అని నేనే అరిచినా. తోయకపోతే లోపలికి పోయే దోవే లేదు. షాహీదా తలుపుకు నోరు ఆనిచ్చి, "అమ్మీ, కొంచెం జరుగు, రొంత జరుగు" అని బతిమాలుతాంది. మొదట్లో మూలుగు వినపడె. ఆమైన అది గూడా లేదు. మొగోళ్లు గడారి తెచ్చి తలుపు బందులు ఊడదీద్దామంటే, బందులు లోపలి పక్క ఉండాయి. ఆఖరికి ఎనక గోడ పగలగొట్టి లోపలికి పోయినారు. అప్పటికే అమ్మీ లేదు.

తలకు తగిలిన దెబ్బ పెద్దది కాదంట. నెత్తురు పోకుండా బట్ట అదిమి పట్టుకోని బిరీన తీసకొచ్చి ఉంటే బతికేదని ఆస్పత్రిలో చెప్పినారు. బట్ట పట్టుకోని మేము తలుపు ఇవతలే ఉంటిమి. కోపం రాదా చెప్పండి. నాకు ఈ పొద్దుకూ కోపమే.

దినాలు అయిపోయినాక షాహీదా నన్ను తోడు పిలుచుకోని కలీం ఇంటికి పోయింది. "మా ఇంటి ప్లాను కాగితం ఇయ్యి మేస్త్రీ" అనింది. వాడు ఆయమ్మ మొగం చూసి, ఎదురు చెప్పకుండా తెచ్చి ఇచ్చినాడు. విప్పి చూస్తే బాత్రూము గీసిన చోట ఒక వంపు గీత ఉండాది, కర్బూజ ముక్క మాదిరి.

"ఇదేంది?" అనింది షాహీదా.

"అది తలుపు గీతలే. ఎప్పుడూ అట్లనే గీస్తారు. అది చూసి మాత్రం నువ్వేం చేస్తావు?" అన్నాడు కలీం.

ఆయమ్మ కాగితం చంకలో పెట్టుకోని వచ్చేసింది. ఆ సందకాడ హఫీజ్‌కు వీడియో కాల్ చేసి, కాగితం ఫోనుకు ఎదురుగా పట్టింది. హఫీజ్ ఆడ టైల్సు పనే చేస్తాడు. ఆ దేశంలో కాగితం గోడకు అంటించి పెడతారంట, కూలి మనిషి గూడా చూసుకోని పని చేయాలంట. గీత చూసి చెప్పినాడు. "తలుపు కొన మూసినప్పుడు యాడుంటాది, తెరిసినప్పుడు యాడికి పోతాది, ఆ దోవ అది. వంపు ఏ పక్క ఉంటే తలుపు ఆ పక్కకు తెరుసుకుంటాది" అని చెప్తా చెప్తా నిలిచిపోయినాడు. వంపు బాత్రూము లోపల ఉండాది. ఫోను పక్కన పడేసి ఏడ్సినాడు. మాకు ఆడి గది పైకప్పు ఒకటే కనపడతాంది, ఏడుపు వినపడతాంది. తల్లిని మట్టి చేసేదానికి గూడా రాలేకపోయినోడు వాడు.

"ఈ గీత మొదట్నుంచీ ఉండాది దీవెనక్కా" అనింది షాహీదా. "అమ్మీ పడితే ఎవురూ లోపలికి పోలేరని ఇల్లు లేవకముందే ఈ కాగితంలో ఉండాది. మనకు చూపించలేదు, మనం చూడలేదు."

నేను ఏందో దేవుని చిత్తం అని మొదలుపెట్టినా. "దేవుని చిత్తం కాదు. ఇది గీత. మనిషి గీసినాడు. ఇంగో పక్కకు గీసి ఉండొచ్చు" అనింది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని నేను. ఆ కాగితం దగ్గరికి లాక్కోని నేనూ చూసినా.

ఆ పొద్దు నుంచి ఆయమ్మ హఫీజ్ ప్రాణం తీసింది. వాడు పని దిగితే చాలు, ఈ గీత ఏంది, ఆ బాణం ఏంది. అడ్డగీతలు కొట్టింది గోడ. గోడ మధ్యలో సన్నగీతలు కిటికీ. చుక్కల గీత అంటే నెత్తి మింద ఉండేది, అటకో సజ్జో. బాణం అంటే నీళ్లు పారాల్సిన పక్క. కూడిక గుర్తు యాడుంటే ఆడ మొదటి టైలు పెట్టాల. ఆయమ్మ నేర్సుకుంటాంటే పక్కన కూర్చోని నాకూ కొంచెం అబ్బింది. మొగుడు పెళ్లాం మాటలు ఏమన్నా ఉన్నాయా మీకు అని నేను ఎగతాళి చేస్తే, ఇవే మా మాటలు అనేది.

తర్వాత ఒకనాడు షాహీదా పనికాడ గంప దించి నేల మింద కూర్చునింది. కాగితం గోడకు కడితేనే లేస్తా అనింది కలీంతో. నేనూ కూర్చున్నా. మమ్మల్ని చూసి తక్కిన ఆడోళ్లు గూడా ఒకరెనక ఒకరు కూర్చునిరి. కలీం తిట్టినాడు, బతిమాలినాడు, పొండి ఇంటికి అన్నాడు. కలిపిన మాలు గట్టిపడిపోతాంటే ఆఖరికి జేబులో కాగితం తీసి మేకుకు తగిలించినాడు. ఆ మేకు ఇప్పటికీ మేము యాడికి పోతే ఆడ కొడతాం. కొన్నాళ్లకు వాని కింద టైల్సు పరిచేటోడు గల్ఫుకు ఎగిరిపోయె. ఇంగ మనిషి దొరక్క, తాపీ తెచ్చి షాహీదా చేతిలో పెట్టినాడు. పని చూసినాక మళ్ల ఎనక్కు తీసుకోలేదు.

తాపీ పట్టినాక ఆయమ్మ పెట్టిన షరతు ఒకటే. తలుపు లోపలికి తెరుసుకునే బాత్రూములో టైలు పరచదు. పేదోని ఇల్లు గానీ, మేడ గానీ. కాగితం చూస్తాది, వంపు లోపల ఉంటే బయటికి మార్చమంటాది. మారిస్తే తాపీ తీస్తాది, మార్చకపోతే సంచి భుజాన వేసుకుంటాది. జమ్మలమడుగులో ఒక ఇంటాయన, బాత్రూము తలుపు హాల్లోకి తెరుసుకుంటే వచ్చినోళ్ల ముందర మర్యాదగా ఉంటాదా అన్నాడు. ఆయమ్మ వచ్చేసింది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా బస్సులో ఆయమ్మను తిడతానే వచ్చినా, నా ఇంట్లో పొయ్యి ఎట్ల మండాల అని. తిట్టనిచ్చింది. దిగినాక, "రేపు నువ్వు ఏరేవాళ్ల దగ్గరికి పో అక్కా, నేనేమనుకోను" అనింది. ఆ మాటకు ఇంగా మండింది నాకు. యాడికి పోతా?

ఇంగ పులివెందుల సంగతి. పాత ఇల్లే, కొత్తగా కట్టేది కాదు. ఇంటాయన తల్లికి కాలు ఇరిగి కడపలో ఆపరేషన్ అయింది. ఆయవ్వ కోసం కింద బాత్రూము బాగు చేయించాలని ఇంజనీరు దగ్గర ప్లాను గీయించినాడు. మంచి కొడుకే, కాదనను. జారని టైల్సు, గోడకు పట్టుకునే కడ్డీ, ఎత్తు కమోడు, అన్నీ గీయించినాడు. పాత నేల పగలగొట్టేసి ఉండాది. పాత తలుపు మాత్రం అట్లనే ఉండాది, కాగితంలో వంపు గూడా లోపలే ఉండాది.

షాహీదా కాగితం మేకుకు తగిలించి చూసి, "అన్నా, తలుపు బయటికి తిప్పాల" అనింది.

ఇంటాయన కాదన్నాడు. ఎదురుగా దేవుని గది ఉండాది, బాత్రూము తలుపు దేవుని మొగానికి ఎట్ల తెరుసుకుంటాదని అడిగినాడు. అదీ నిజమే అనిపించింది నాకు. షాహీదా అమ్మీ సంగతంతా చెప్పింది. ఆయప్ప ఇన్నాడు, అయ్యో అన్నాడు. "మా అమ్మకు ఎప్పుడూ మనిషి తోడుంటాదిలే" అన్నాడు. ఆయవ్వ హాల్లో మంచం మింద పండుకోని అంతా ఇంటాంది. కలీం షాహీదా పక్కకు వచ్చి, "గమ్మున పరిచి పోదాం పా. ప్రతి ఇంట్లో ఇదే గొడవ అయితే నీకు పనెవురు ఇస్తారు? నాకెవురు ఇస్తారు?" అన్నాడు.

ఇంగ సంచి భుజాన వేసుకుంటాదిలే, మళ్ల బస్సే అనుకుంటి. ఆయమ్మ సంచి ముట్టలేదు. మేకుకుండే కాగితం తీసుకోని బాత్రూము లోపలికి పోయింది. తలుపు మూసింది. గడి పెట్టిన శబ్దం గూడా లేదు.

"అన్నా, నేను ఈడ పడిపోయినా. వచ్చి లేపు" అని లోపల నుంచి అనింది. అంతే, మళ్ల మాట లేదు.

ఇంటాయన నవ్వుకుంటా తలుపు తోసినాడు. రొంత కదిలి నిలిచిపోయింది. సందులో నుంచి చూస్తే ఆయమ్మ ఆ పగిలిన నేల మింద, తలుపుకు ఈపు ఆనిచ్చి పండుకోని ఉండాది. ఇంగా తోసినాడు. "తోయొద్దు, తోయొద్దు అన్నా, నలిగిపోతాది" అని నేనే అరిచినా. అరిచినాక తెలిసింది, ఆ పొద్దు అన్న మాటే అది. "షాహీదా, లేయి" అన్నా. పలకలేదు. కలీం పిలిచినాడు. పలకలేదు. ఇంటాయన, "ఏయమ్మా, సరేలే, లేయమ్మా, మాట్లాడుకుందాం" అన్నాడు. పలకలేదు. నాటకమని నాకు తెలుసు. అయినా తలుపుకు చెవి ఆనిచ్చినా. ఊపిరి గూడా వినపడలేదు.

ఇంటాయన మొగంలో నవ్వు పోయింది. ఎనక్కు తిరిగి హాల్లో తల్లిని చూసినాడు. ఆయవ్వ మంచం పట్టె పట్టుకోని లేచి కూర్చోని ఉండాది.

"దేవునికి పరదా కట్టుకుందాంలేరా" అనింది ఆయవ్వ. "కాలు బాగైనాక గండికి పోయి ఆంజనేయసామికి నేను చెప్పుకుంటా. తలుపు తిప్పించు."

"సరే. తిప్పు కలీం" అన్నాడు ఇంటాయన.

తలుపు కింద సందులో నుంచి ప్లాను కాగితం బయటికి వచ్చింది. దాని మింద పెన్సిలు ముక్క.

ఇంటాయన ఆ నేల మిందనే గొంతుకూర్చున్యాడు. లోపలి వంపు కొట్టేసినాడు. ఇవతల పక్క కొత్తది గీసినాడు, వంకరటింకరగా వచ్చింది. కాగితం సందులో నుంచి లోపలికి తోసినాడు. కొంచేపటికి తలుపు తెరుసుకుంది. షాహీదా కొంగు దులుపుకుంటా వచ్చి, కాగితం మళ్ల మేకుకు తగిలించింది.

నేను ఆయమ్మ రెట్ట పట్టుకోని ఇంటి ఎనకాలకు ఈడ్సుకపోయినా. కొట్టినా గూడా, భుజం మింద ఒకటి. "నేను పిలిచినప్పుడన్నా పలకొచ్చు గదా. నా గుండె ఆగిపోయింది" అని ఏడ్సినా.

"అమ్మీ పలికిందా అక్కా?" అనింది.

నేను కండ్లు తుడుసుకోని మాలు కలిపేదానికి పోయినా.