మిగులు ఉన్న వంటశాల

మా వీధి చివర మోటార్లు బాగుచేసే షెడ్డు ఒకటి చాలాకాలం మూతపడి ఉండేది. దాన్ని వంటశాలగా మార్చిన మనిషిని వీధంతా గరిటె అక్క అంటుంది. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలుస్తారు. అంతకుముందు ఆమె ఆసుపత్రి క్యాంటీనులో వంట చేసేది. ఆ క్యాంటీను ఎత్తేసి, దాని స్థానంలో చిప్స్ ప్యాకెట్లు అమ్మే మెషీను పెట్టారు. రోగులకు అదే బలమని ఎవరో పెద్దలు తేల్చి ఉంటారు. ఇంట్లో ఊరికే కూర్చోలేని అక్క, ఒంటరి ముసలివాళ్ళకూ జబ్బుపడి లేచినవాళ్ళకూ మధ్యాహ్నం భోజనం పెట్టడం మొదలుపెట్టింది.

షెడ్డుకు ఎదురుగా గడియారాలు బాగుచేసే కొట్టు నాది. ఈ రోజుల్లో గడియారం ఎవరు బాగుచేయించుకుంటారు? అందుకని అక్కడ జరిగేదంతా తీరిగ్గా చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆ వంటశాలకు ఒక పద్ధతి ఉంది. ముందు సూది, తర్వాత అన్నం. చక్కెర జబ్బు ఉండి, చేతులు వణికేవాళ్ళకూ కళ్ళు ఆననివాళ్ళకూ ఓ నర్సమ్మ రోజూ వచ్చి ఇన్సులిన్ ఇస్తుంది. సూది పడ్డాక అరగంటలోపు కడుపులో అన్నం పడాలి, లేకపోతే మనిషి కళ్ళు తేలేస్తాడు. అందుకే కూర ఉడికిందని అక్క గరిటెతో గిన్నె అంచు మీద కొడితేనే నర్సమ్మ తన సంచీ తెరుస్తుంది.

అందరిలోకీ అక్కకు బెంగ టైలర్ తాత గురించే. ఆయనకు నా అన్నవాళ్ళు లేరు. చూపు ఆనకపోయినా, తడిమి చూసి మన చొక్కా కుట్టుకు వంకపెట్టగలడు. ఒకసారి తనే సూది వేసుకుని, వండుకోవడానికి బద్ధకించి, టీ చాల్లెమ్మని పడుకున్నాడు. తలుపు తోసుకుని వెళ్ళి లేపి కూర్చోబెట్టింది అక్కే. ఆ రోజు నుంచి ఆయన ప్రాణం ఈ పొయ్యి మీద ఆధారపడి ఉంది.

పొయ్యి మాత్రం ఒక సంస్థ మీద ఆధారపడి ఉంది. ఆ సంస్థ పేరు చదవడం పూర్తయ్యేలోపు అన్నం ఉడుకుతుంది. అక్క చెప్పులరిగేలా తిరిగి బియ్యం, గ్యాసు అడిగితే ముందు బ్యానరు వచ్చింది. తర్వాత చేతులు కడుక్కునే విధానం చూపించే రంగుల బొమ్మలు వచ్చాయి. కుళాయి అక్కే పెట్టించుకుంది. ఇక రావులే అనుకున్నాక బియ్యం కూడా వచ్చాయి. ఏడాదికోసారి వాళ్ళ మనిషి వచ్చి చూసి, సాయం ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తాడు.

ఈసారి ఆయన వస్తానన్న రోజు, అక్క మామూలు వేళకే గిన్నె కొట్టింది. నర్సమ్మ సూదులు వేసేసింది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

"అమ్మా, అప్పుడే వడ్డించేయకండి. తింటుండగా ఫొటోలు కావాలి మాకు."

"సూదులు పడిపోయాయి సార్. వీళ్ళు ఆగలేరు."

"పది నిమిషాలేనమ్మా. దారిలోనే ఉన్నాం."

గడియారాలతోనే నా బతుకు గడిచింది. కారులో వచ్చేవాళ్ళ పది నిమిషాలను కొలిచే గడియారం మాత్రం ఇంతవరకూ నా చేతికి రాలేదు.

అక్క వీధి మలుపు వైపు చూసింది, లోపలికి చూసింది, మళ్ళీ మలుపు వైపు చూసింది. ఎదురుగా ఖాళీ పళ్ళాలు పెట్టుకుని అందరూ బుద్ధిగా కూర్చున్నారు. టైలర్ తాత నుదుటిమీద చెమటలు పట్టాయి. చొక్కా అంచు పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. "వాళ్ళ ఫొటోలు పాడుగాను" అని అక్క గరిటె అందుకుంది.

సార్ వచ్చేసరికి అందరూ తిని చేతులు కడుక్కుంటున్నారు. బొమ్మల్లో చూపించినట్టే కడుక్కుంటున్నారు, అయినా ఆయనకు ఆనలేదు.

"అయ్యో, అందరూ తినేశారా!" అన్నాడు, ఘోరం జరిగిపోయినట్టు. వెంట కెమెరా అబ్బాయి కూడా దిగాలుగా నిలబడ్డాడు.

వాళ్ళ ముఖాలు ఎండకు వాడిపోయి ఉన్నాయి. అది చూసి అక్క, "ముందు భోంచేయండి సార్, తర్వాత మాట్లాడుకుందాం" అంది. గిన్నెలో మిగిలింది తనకూ నర్సమ్మకూ ఉంచుకున్నదే. నర్సమ్మ కళ్ళతో సైగ చేస్తూనే ఉంది. అక్క చూడనట్టే వడ్డించింది. సార్ "అబ్బే, వద్దమ్మా" అంటూనే కూర్చున్నాడు, వద్దంటూనే మారు కూర వేయించుకున్నాడు. ఆ పూట ఆ ఇద్దరాడవాళ్ళూ మంచినీళ్ళు తాగి గిన్నెలు తోముకున్నారు.

కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. సార్ గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"మంచి వార్తేనమ్మా. మీ దగ్గర అవసరం తగ్గిపోయింది. అందరూ తిన్నాక కూడా భోజనం మిగులుతోందని నేనే రాశాను. మిగులు ఉన్నచోట సాయం ఇవ్వకూడదు, మా రూలు. మీ చేతి వంట గురించి కూడా ఓ మాట రాశాన్లెండి."

నర్సమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "అది మనిద్దరి వాటా అన్నమని ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా!"

"అన్నం ముందు కూర్చున్న మనిషికి ఎలా చెప్తానే?"

నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ సార్ మీదా, కాస్త అక్క మీదా. ఏమైనా అందామని వెళ్ళి, ఆమె ముఖం చూసి వెనక్కి వచ్చేశాను.

బియ్యం అయిపోయాయి. మిగతావాళ్ళకు ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఉన్నారు, గంజో గటకో పోస్తారు. టైలర్ తాత మాత్రం మర్నాడు కూడా తడుముకుంటూ షెడ్డుకు వచ్చి తన చోట కూర్చున్నాడు. అక్క ఇంటి నుంచి క్యారియరు తెచ్చింది. నర్సమ్మ సూది వేసింది. అక్క పళ్ళెం పెట్టి ఉన్నదంతా వడ్డించింది.

"నీకేదమ్మా?" అన్నాడు తాత.

"నేను ఇంట్లో తినేసి వచ్చాను. నువ్వు కానీ."

తాత చెయ్యి చాచి క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే తడిమి చూశాడు, అన్నీ ఖాళీ. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు తింటేనే నేను తింటా. సూది పడిపోయింది మరి, నీ ఇష్టం."

"చస్తావు ముసలాయనా!"

"అదే చెబుతున్నా."

అక్క నోటికొచ్చినట్టు తిట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిట్టింది. చివరికి ఎదురుగా చతికిలబడి, ఆ పళ్ళెంలోంచే ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అది నమిలి మింగేదాకా చెవి ఒగ్గి విని, అప్పుడు తాత అన్నంలో చెయ్యి పెట్టాడు. ఇద్దరూ కలిసి పళ్ళెం ఖాళీ చేశారు. మెతుకు మిగల్లేదు. ఫొటో తీసుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు.