మూడో సంతకం

కళావతిగారికి ఇష్టాలంటూ ఏమీ లేవని డాక్టర్ శేషగిరిగారు పెద్దక్షరాల్లో రాసేశారు. దుర్బుద్ధితో కాదు. ఫారంలో ఆ బాక్సు ఖాళీగా కనబడింది. షెఫీల్డ్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఎముకల డాక్టరుగా చేసిన చెయ్యి ఖాళీ బాక్సును చూసి ఊరుకోలేకపోయింది. ‘నన్’ అని ఇంగ్లీషులో రాసి, కింద గీత గీసి, అదే ఊపులో ఆఖరి పేజీకి వెళ్ళి తన సంతకం కూడా పెట్టేశారు.

ఆ ఫారం పేరు లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ. వాళ్ళ తెనాలిలో పవర్ ఆఫ్ అటార్నీ అంటే పొలమో స్థలమో అమ్మిపెట్టమని ఒకరికి రాసిచ్చేది. ఇక్కడ ఇంగ్లండులో మనిషి తన్ను తానే రాసిచ్చుకోవచ్చు. రేపెప్పుడైనా మతి తప్పి, మన సంగతి మనం చెప్పుకోలేని రోజు వస్తే మన వైద్యం, తిండి, ఉండే చోటు ఎవరు నిర్ణయించాలో ముందే రాసిపెట్టుకునే కాగితం. అలా నిర్ణయించే మనిషి అటార్నీ. కళావతిగారి అటార్నీ శేషగిరిగారు. ఆ మాటకొస్తే పెళ్ళయిన నలభై నాలుగేళ్ళుగా ఆయనే. కాగితం ఇప్పుడొచ్చింది, అంతే.

ఈ కాగితం అవసరమని తట్టింది స్నేహితురాలు కాంతంగారి వల్ల. పోయిన చలికాలం ఆవిడకి మాట పడిపోయింది. కళావతిగారు చూడటానికి వెళ్తే, నర్సు పిల్ల ఎంతో ప్రేమగా పాలు పోసిన టీ పట్టిస్తోంది. కాంతంగారు జన్మలో టీ ముట్టలేదు, కాఫీ మనిషి. గుటక వేసినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంటున్నారు. మూడు వారాల నుంచీ అంతేనట. ఇంటికొచ్చాక కళావతిగారికి ఆ మూసుకున్న కళ్ళే గుర్తొచ్చాయి. తను అలా పడుకుంటే తన కాఫీ సంగతి ఎవరు చెబుతారు? కాఫీ సంగతైతే ఆయనకి తెలుసు. గురువారం సంగతో?

గురువారం పొద్దున్న కళావతిగారు యోగా చాప చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరతారు. యోగా క్లాసు కోవిడ్‌లో మూతపడి మళ్ళీ తెరవలేదు. ఆ మాట మొదటి వారం చెప్పడం మర్చిపోయారు. రెండో వారం చెబితే మొదటి వారం ఏమైందని అడుగుతారు. అలా ఏళ్ళు గడిచాయి. పెద్దవాళ్ళకిచ్చే ఉచిత బస్ పాస్ ఆవిడ పర్సులో ఉంది. క్లాసుకని బయల్దేరి, కొండల వైపు వెళ్ళే డబుల్ డెక్కర్ బస్సెక్కి, మేడ మీద ముందు సీట్లో కూర్చుంటారు.

అక్కడ ఎదురుగా అద్దం తప్ప ఏమీ ఉండదు. డ్రైవరు కింద ఎక్కడో ఉంటాడు. ఎవరూ నడపకుండా గదే లేచి గాల్లో వెళ్తున్నట్టుంటుంది. పెంకుల కప్పులు, పొగ గొట్టాలు, ఎవరివో మేడ గదులు, కిటికీలో నిద్రపోతున్న పిల్లి, అన్నీ చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వచ్చి వెళ్ళిపోతాయి. ఊరు దాటాక బస్సు మబ్బులోకి వెళ్తుంది. నిజంగానే మబ్బు. అందులో గొర్రెలు తలలు పెట్టుకుని మేస్తుంటాయి. ఆగస్టులో కొండ కొండంతా వంకాయ రంగు పూలు. ఆఖరి స్టాపులో దిగరు. అదే బస్సులో, అదే సీట్లో తిరిగొచ్చేస్తారు. ఇంటికొచ్చాక శేషగిరిగారు “నడుం ఎలా ఉంది?” అంటారు. “చాలా నయమండీ,” అంటారు ఆవిడ. అది అబద్ధం కాదు.

ఇప్పుడా బస్సుని బాక్సులో రాయాలి. రాస్తే ఆయన చదువుతారు. రాయకపోతే, మతి తప్పిన కళావతిగారిని ఆయన మనస్ఫూర్తిగా యోగా క్లాసుకి పంపిస్తారు.

శనివారం మధ్యాహ్నం వాసంతి వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, రెండిళ్ళ అవతల ఉంటుంది, ఫార్మసిస్టు. కాగితం రాసే మనిషిని రెండేళ్ళకి పైగా ఎరిగి, కుటుంబానికి చెందని వాళ్ళొకరు ఆ మనిషితో విడిగా మాట్లాడి, ఎవరి బలవంతమూ లేకుండా తెలిసే రాస్తోందని సంతకం పెట్టాలి. అందుకు పిలిచారు.

ఫారం తిరగేస్తూ ఆఖరి పేజీ దగ్గర వాసంతి ఆగింది. “అంకుల్, మీరు సంతకం పెట్టేసిన్రా?”

“పెట్టేశాను. నీకు లేటవకూడదని.”

“వరస ఉంటది అంకుల్. ముందుగాల ఆంటీ పెట్టాలె. ఆంటీతోని మాట్లాడి నేను పెట్టాలె. అటెనుక మీరు. మీది మూడోది. వరస తప్పితే రిజెక్ట్ చేస్తరు.”

“మూడోదా?” అన్నారు శేషగిరిగారు, ఆపరేషన్ మధ్యలో కత్తెర అడిగితే చేతిలో గరిటె పెట్టినట్టు.

“ఏం పర్వాలే. ఖాళీ ఫారాలు ఇంకో సెట్ తెచ్చిన. నా దగ్గరికొచ్చే అంకుల్స్ అందరూ గిట్లనే చేస్తరు.” కొత్త ఫారం బల్ల మీద పరిచింది. “ఇంకో ముచ్చట. ఆంటీతోని నేను ఒక్కదాన్నే మాట్లాడాలె. మీరు జర బయటికి పోతరా?”

“మా ఇంట్లోంచి నేను బయటికా?”

“రూల్ అంకుల్. పది నిమిషాలు.”

చట్టమంటే గౌరవం ఉన్న మనిషి. స్లిప్పర్లతోనే వీధి గుమ్మంలోకి వెళ్ళారు. వెనకాల తలుపు టక్కున మూసుకుని తాళం పడిపోయింది.

వాసంతి కళావతిగారి ఎదురుగా కూర్చుంది. “చెప్పున్రి ఆంటీ. ఈ కాగితం ఎందుకో తెలుసా?”

తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి జవాబొచ్చింది. “తెలుసు! వివరంగా చెప్పాను!”

“అంకుల్, మీరు మాట్లాడొద్దు.”

కంత మూసుకుంది. కాసేపటికి మెల్లగా తెరుచుకుంది. “తాళంచెవి లోపల ఉండిపోయింది. చినుకులు పడుతున్నాయి. ఊరికే చెప్పాను.”

కళావతిగారు లేవబోయి, ఎందుకో మళ్ళీ కూర్చున్నారు. ఈ ఇంట్లో ఎవరైనా ఆవిణ్ణి ఒక ప్రశ్న అడిగి, జవాబు ఆవిడ నోటినుంచే రావాలని కూర్చోవడం ఇదే మొదలు.

“వాసంతీ, ఆ ఇష్టాల బాక్సులో ఏదైనా రాయొచ్చా?”

“రాయొచ్చు. అట్లనే చెయ్యాలని గట్టి రూలేం లేదు గానీ అటార్నీ దాన్ని పట్టించుకోవాలె.”

కళావతిగారు గొంతు తగ్గించి గురువారం కథంతా చెప్పారు. వాసంతి నవ్వలేదు. చాప దగ్గర మాత్రం పెదవి కొరుక్కుంది. “రాయున్రి ఆంటీ. అంకుల్‌కి ఎట్లయినా తెల్వాలె. రేపు మిమ్మల్ని తీస్కపోయేది ఆయనే గదా.”

ఆవిడ నాలుగు లైన్లు రాశారు. ఇంగ్లీషులో స్పెల్లింగులు వాసంతిని అడుగుతూ. అప్పుడు లేచి తలుపు తీశారు.

శేషగిరిగారి స్వెట్టర్ మీద చినుకులు ముత్యాల్లా నిలబడి ఉన్నాయి. కళావతిగారు ఆ పేజీ ఆయన చేతికిచ్చారు. ఆయన దాన్ని ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చదివారు. నాలుగు లైన్లకి చాలాసేపు పట్టింది.

“మరి యోగా?”

“కోవిడ్‌లో మూసేశారండీ.”

“ఆ చాప?”

“పక్క సీట్లో పెడతాను. ఎవరూ వచ్చి కూర్చోకుండా.”

వాసంతి పూలకుండీ వైపు చూస్తూ కూర్చుంది. శేషగిరిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పేజీ ఎత్తారు.

“ఇందులో లోపం ఉంది,” అన్నారు. “ముందు సీటు అన్నావు. ఎడమో కుడో రాయలేదు. రేపు నేను నిన్ను తప్పు పక్కన కూర్చోబెడితే?”

“ఎడమ.”

“ఎందుకని?”

“చెట్ల కొమ్మలు అటువైపు అద్దానికి తగుల్తాయి.”

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. వాసంతి చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన పెన్నుని కళావతిగారికిచ్చారు. ‘ఎడమ వైపు’ అని చేర్చి ఆవిడ సంతకం పెట్టారు. అది చూసి వాసంతి సాక్షిగా పెట్టింది, మాట్లాడానని ఇంకో చోట పెట్టింది. అప్పుడు తన వంతు వచ్చాక శేషగిరిగారు మూడో సంతకం పెట్టారు. ఎన్నడూ లేనిది, అక్షరాలు విడివిడిగా చదవడానికి వీలుగా ఉన్నాయి.

గురువారం పొద్దున్న కళావతిగారు చాప కోసం తలుపు వెనక వెతుకుతుంటే, ఆయన బూట్లు వేసుకుంటూ కనబడ్డారు. “దారి తెలియకపోతే ఎలా? అటార్నీని.”

“ఈ ఒక్కసారే,” అన్నారు ఆవిడ, చాప వదిలేసి.

ఎప్పుడూ కారులోనే తిరిగే శేషగిరిగారి దగ్గర పాస్ లేదు. టికెట్ కొనుక్కుని, మెట్లెక్కి, మోకాళ్ళ గురించి మాట్లాడుతూ ఆవిడ పక్కన కూర్చున్నారు. ఊరు దాటింది. మొదటి కొమ్మ అద్దాన్ని ఫెళ్ళున కొట్టేసరికి ఎముకల డాక్టరుగారు మాట ఆపి తల కిందికి వంచేశారు. కళావతిగారు తిరిగి చూడలేదు. అద్దంలో అంతా కనబడుతూనే ఉంది.

రెండో కొమ్మకి ఆయన తల వంచలేదు. ఎదురుగా మబ్బు మొదలైంది.