ఊదా రంగు బొటనవేలి ముద్ర

నేరేడు పళ్లు తిన్న చేతిని ఎంత కడిగినా ఈ ఉదయం బొటనవేలి మీది ఊదా మరక పోలేదు. దాన్ని చూస్తుంటే ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట రాయాలనిపించింది. కర్నూలు కాలేజీ ప్రయోగశాలలో సుగుణ కాగితాన్ని పాడుచేసింది నేను.

అక్కడ మాకు రసాయనశాస్త్రం చెప్పింది జుబేదా మేడమ్. తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, కోడుమూరు నుంచి వచ్చిన సుగుణా. నోరు విప్పడానికి జంకే నాకు మేడమ్ తన సొంత పుస్తకాలు అట్టలు వేసి మరీ ఇచ్చేవారు. చదివానా అని అడిగేవారు కాదు. ఆ వేసవికి ముందు మద్రాసు నుంచి ఆమెకు చిటికెడు తెల్లటి పొడి వచ్చింది. కుందేలు కండ నుంచి తీసిన అల్డొలేజు. కండలో చక్కెర శక్తిగా మారే దారిలో దాన్ని రెండుగా విరిచే ఎంజైము అదేననీ, అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన పొడవాటి దండ అనీ మేడమ్ చెప్పారు. ఆ దండలో ఏ పూస పక్కన ఏ పూస ఉంటుందని మర్నాటి తరగతిలో సుగుణ అడిగింది. మేడమ్ ముఖం వెలిగిపోయింది.

"అదే ఇంకా ఎవరికీ తెలీదమ్మా. శానా మంచి మాట అడిగితివి."

ఆ ప్రశ్న ముందురోజే నా డైరీలో ఉంది. అడిగే ధైర్యం లేక దాచుకున్నదాన్ని సుగుణ నా కళ్లముందే ఎత్తుకుపోయినట్టనిపించింది. నన్నెప్పుడూ శారదా అని పేరుతోనే పిలిచేవారు మేడమ్. ఆ "అమ్మా" కూడా నాకు రావలసిందే అనుకున్నాను.

పొడిని ఆమ్లంలో ఉడికించి, దండను పూసలుగా తెంచి, మా ఇద్దరికీ చెరో వడపోత కాగితం ఇచ్చి, వాటి మీద ఒక్కో చుక్క పెట్టించారు. ద్రావణం కాగితం వెంట పాకుతూ ఆ పూసలను వేరు చేస్తుంది. ఆరాక నిన్‌హైడ్రిన్ చల్లి వేడి చేస్తే ఊదా మచ్చలై తేలతాయి. వేలి చెమటలోనూ అవే పూసలుంటాయి గనుక కాగితాన్ని పట్టకారుతోనే పట్టుకోవాలన్నది మేడమ్ పెట్టిన నియమం. ఎవరి కాగితం శుభ్రంగా వస్తే వాళ్లను వేసవికి మద్రాసు ప్రయోగశాలకు తీసుకెళ్తానన్నారు. మర్నాడు పొద్దున అందరికంటే ముందు వెళ్లాను. సుగుణ కాగితం తీగకు వేలాడుతోంది. దాని నడిమధ్య బొటనవేలు గట్టిగా అదిమాను.

మేడమ్ నిన్‌హైడ్రిన్ చల్లి వేడి చేయగానే మచ్చల నడుమ నా వేలిముద్ర గీతగీతా తేలింది. చిన్నప్పుడు కత్తిపీటకు తెగిన గాటు అందులో అడ్డంగా తెల్లటి గీతై కనిపించింది. మేడమ్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"నేనే మర్చిపోయి తాకింటాను మేడమ్. శారదను పిల్చుకపోండి, దాని కాగితం బాగుండాది," అంది సుగుణ.

అప్పుడైనా నేను నోరు తెరవలేదు. పైగా ఆమె మంచితనం చూసి కూడా అసూయపడ్డాను. మేడమ్ ఆ వేసవికి ఒంటరిగానే వెళ్లారు. తిరిగొచ్చాక కడపకు బదిలీ అయ్యింది. వెళ్లేరోజు నన్ను పక్కకు పిలిచి, ఆ కాగితంలోంచి కత్తిరించిన ముక్కను చేతిలో పెట్టారు.

ఆ ముక్కను దాచిన డైరీని ఈ రోజు తెరిచి చూశాను. ముద్ర ఎప్పుడు వెలిసిపోయిందో తెలియదు, వట్టి కాగితమే మిగిలింది. సుగుణ కోడుమూరు బడిలో పాఠాలు చెబుతోందట. బస్సెక్కితే పూట పట్టదు. ఇంకా వెళ్లలేదు. ఏ కాగితం ముట్టుకోబోయినా ముందు నా వేళ్లకేసి చూసుకోవడం మాత్రం మానలేదు. ఆనాడు మేడమ్ కూడా నా బొటనవేలిని వెలుతురుకు తిప్పి, ఆ గాటును చూసి, మెల్లగా అన్నారు.

"ఈ రంగు ఎక్కువ దినాలు నిలబడదు. ఇది పోకముందే సుగుణకు నువ్వే చెప్పమ్మా."