జెమీమా వదిన నీళ్లు పోసి చూసింది

మా ఆయన దేవకుమార్ మార్చిలో గుండె ఆగి చనిపోయారు. ప్లెయిన్స్‌బరోలోని మా తెలుగు చర్చిలో క్రిస్మస్ భోజనానికి, ఆయన పెన్సిల్వేనియా అడవిలో కొట్టి తెచ్చిన జింకనే ఏటా వండేదాన్ని. ఈసారి కూడా ఆయన రైఫిల్‌తో, ఆయన నింపుకున్నట్టే నింపిన తూటాతో ఒక్క జింక రావాలని నా ఆశ. ఆ పని చేయగలిగింది ఆయన అక్క జెమీమా వదిన ఒక్కతే.

వదిన నరసాపురం నుంచి నర్సుగా వచ్చింది. పిల్లల వార్డులో ఉద్యోగం. పక్కింటి ముసలాయన దగ్గర తుపాకీ నేర్చుకుని తమ్ముడికి తనే నేర్పింది. కాల్చిన తూటా తాలూకు ఇత్తడి కేసును పారేయకుండా, మళ్లీ పౌడర్ పోసి, కొత్త గుండు బిగించి వాడుకోవడం వాళ్ల అలవాటు. గరాజ్‌లో ఆ పని చేసే బల్ల మీద వదిన టీ కప్పు కూడా పెట్టనిచ్చేది కాదు.

నవంబర్‌లో తీసి చూస్తే ఆయన పాత కేసులు వాడి వాడి అడుగున వదులై పనికిరాకుండా పోయాయి. వేరే కంపెనీవి, ఆయనే నిరుడు కాల్చి దాచినవి, ఒక సంచిలో దొరికాయి.

“ఇంకేం అక్కా! రైఫిల్ అదే, సైజ్ అదే. అన్న ఎంత పోసేవాడో నీకు నోటికొచ్చు. ఫిల్ చేసెయ్,” అన్నాడు ఆయనతో వేటకెళ్లే వినయ్ కుమార్.

“వయసు ఒకటే కదా అని పిల్లలందరికీ ఒకే డోసు ఎక్కించనా నేను?” అంది వదిన.

పాత కేసునీ సంచిలోని కేసునీ ఖాళీగా కాటా మీద తూచింది. తర్వాత డ్రాపర్‌తో రెండింట్లోనూ అంచుదాకా నీళ్లు పోసింది. బుడగ నిలవకుండా నీళ్లలో ఒక్క చుక్క సబ్బు కలిపింది. బయట తుడిచి మళ్లీ తూచింది. మరికొన్ని కేసులకూ అలాగే చేసింది. సంచిలోని వాటిలో ప్రతిసారీ నీళ్లు తక్కువే పట్టాయి.

“చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదక్కా!”

“గోడ మందం లోపలుంటుంది నాయనా. చోటు తగ్గితే అదే పౌడర్‌కి ఒత్తిడి పెరిగి రైఫిలే పగలొచ్చు. రైఫిల్‌ని మొహానికి ఆనించుకునేది నేను.”

నేను ఆగలేకపోయాను. “ఆయన పోసినంతే పోసెయ్ వదినా. తేడా కొంచెమేగా!”

వదిన డ్రాపర్ కింద పెట్టింది. “రూతూ, వాడి రైఫిల్ తీసుకెళ్తాను. వాడి కోటు వేసుకుంటాను. వాడి కొలత మాత్రం ఈ కేసుల్లో పొయ్యను. వాడి మీద నాకు ప్రేమ తక్కువనుకున్నావా?”



పౌడర్ కొలతల పుస్తకం చూసి, బాగా తక్కువ కొలతతో మొదలుపెట్టింది. శనివారం శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చి చూసేది. గుళ్లు గురి అట్ట మీద చెల్లాచెదురుగా పడితే ఇంటికొచ్చి కాస్త మార్చేది. వేట రోజులు తరిగిపోతుంటే నా ప్రాణం కొట్టుకులాడింది. చివరికి ఆయన కొలత కంటే తక్కువలోనే గుళ్లన్నీ ఒకచోట పడ్డాయి. “ఇక పెంచను,” అంది.

సీజన్ ఆఖరి రోజు వినయ్‌తో అడవికి వెళ్లింది. అక్కడ జరిగింది అతనే చెప్పాడు. దూరంగా పెద్ద కొమ్ముల జింక నిలబడిందట. “కొట్టక్కా, కొట్టు!” అన్నాడట. ఈ తూటాతో అంత దూరం కాల్చి చూడలేదని వదిన తల అడ్డంగా ఊపిందట. అది వెళ్లిపోయింది. పొద్దు వాలే ముందు దగ్గరగా ఒక ఆడజింక వచ్చింది. ఒక్క గుండుతో పడింది.

క్రిస్మస్ నాడు చర్చిలో కూర వడ్డిస్తుంటే ఒకావిడ, “దేవకుమార్ గారి జింకేనా అమ్మా?” అని మెల్లగా అడిగింది.

“కాదండీ,” అన్నాను. “మా వదినది.”