మొగాయన దొరికెదాంక

మా లెక్కల మేడం పోయిన్రు. మొన్న పొద్దుగాల బోయిగూడ నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషే, అయినా నా మనసు ఒప్పుకుంటలేదు.

నేను ఆమె పనిచేసిన కాలేజీల అప్పట్ల గుమాస్తాని. పోలీస్ యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయినంక లెక్కలు చెప్పేటాయన ఊరిడిసి పోయిండు. సికింద్రాబాద్ అంత దేవులాడితే ఈ మేడం ఒక్కరే దొరికిన్రు. మగపిల్లల కాలేజీల ఆడమనిషా అని కమిటీ పెద్దలు ఒకటే పరేషాన్. ఆఖరికి నౌకరీ ఆర్డర్ల ఒక మాట ఇరికిచ్చిన్రు: "తగిన పురుషుడు దొరికే వరకు మాత్రమే." టైపు కొట్టింది నేనే. దాపరికమెందుకు, అప్పుడు నాకు సుత అందుల తప్పు కనపడలే.

దఫ్తర్ కాగితాలు ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన కొత్తలు, నా టైపు నిండ తప్పులే. మేడం ఆ ఆర్డర్‌ను పెన్సిల్‌తోని దిద్ది వాపస్ ఇచ్చిన్రు. "అవమానం చేసినా సక్కగ చెయ్యాలె తమ్మీ," అన్నరు. నా మొఖం మాడిపోయింది.

ఏటా జూన్ల మళ్ల అదే ఆర్డర్. "ఇంకా దొరకలేదా పాపం!" అని మేడం నవ్వి సంతకం పెట్టేటోళ్లు. లెక్కలంటే జ్వరమొచ్చే లాలాగూడ పోరగాళ్లు ఆమె చేతుల పాసయిన్రు.

నాలుగో ఏడు మాత్రం సంతకం పెట్టలే. క్లాసు ముంగట వరండాల కుర్చీ ఏసుకొని కూసున్నరు. ఆమె జీతం మీదనే ఇల్లు నడిచేది, నాకెరుకే. ప్రిన్సిపాల్ సారొచ్చి, "ఏందమ్మా ఇది? ఉన్న నౌకరీ సుత పోతది," అన్నడు.

"నాకన్న మంచిగ చెప్పేటాయన వస్తే ఈ కుర్చీ ఆయనకే ఇస్త సార్. రాకపోతే ఆ మాట తీసెయ్యుండ్రి."

కమిటీ ఇద్దరు మొగాళ్లను పిలిచి చూసింది. ఒకాయన బోర్డు మీద లెక్క షురూ చేసి నడుమనే ఆగిండు. ఇంకొకాయన చెమటలు తుడుసుకునుడే సరిపోయింది. మూడో రోజు సారు నన్ను పిలిచి, "ఆ లైను తీసేసి కొట్టు," అన్నడు. జిందగీల అంత ఖుషీగ నేనెన్నడు టైపు కొట్టలే. కాగితం పట్టుకొని ఉరికిన.

"గట్టిగ చదువు తమ్మీ," అన్నరు మేడం. చదివిన. సంతకం పెట్టి, లేవబోయి, మళ్ల కూసున్నరు.

"జెర చెయ్యి ఇయ్యి," అన్నరు మెల్లగ. "మూడు రోజుల సంది కాళ్లు వణుకుతున్నయ్. నిలబడితే కనపడ్తదనే కూసున్న."

నా చెయ్యి పట్టుకొని క్లాసు గడప దాంక నడిచిన్రు. గడప కాడ చెయ్యి ఇడిసిపెట్టి, ఒక్కరే లోపలికి పోయిన్రు. పిల్లలంత లేచి నిలబడ్డరు.